గెలిపించకండి, పటం చిన్నది చెయ్యండి

సంక్రాంతికి మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. గొడవంటే అరుపులూ కేకలూ ఏం లేవు. అష్టాచెమ్మా ఆడుతూ ఆడుతూ మా అత్తయ్య మధ్యలో లేచి, గవ్వలు నాలుగూ కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. అంతే. కానీ ఆ తర్వాత మూడు వారాలపాటు మా వసారాలో ఎవరూ పటం గీయలేదు.

ఏం జరిగిందో చెప్తాను. మా చిన్నాడికి పదేళ్ళు. ఆరోజు వాడి కాయ నాయనమ్మ కాయకి సరిగ్గా మూడు గళ్ళ వెనక ఉంది. మూడు పడింది. కొట్టాలి కదా? వాడు కొట్టకుండా ఇంకో కాయ జరిపాడు. తర్వాత మళ్ళీ అలాగే చేశాడు. నేను చూశాను, చూసి సంతోషించాను కూడా, పిల్లాడికి ఎంత మంచి మనసు అని. అత్తయ్య కూడా చూశారు. "నేనేమన్నా పసిపిల్లనట్రా?" అన్నారు. లేచారు.

మా అత్తయ్యకి 78 ఏళ్ళు. చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి ఊరు మాది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఒకప్పుడు ఏ చేలో ఎన్ని గోతాల కాయ దిగింది, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు పెట్టాం, గుంటూరు యార్డుకి ఎన్ని పంపాం, ఇవన్నీ ఆవిడ నోటిమీదే ఉండేవి. మామయ్యగారు పుస్తకం తీసేలోపు ఈవిడ చెప్పేసేవారు. రెండేళ్ళ నుంచి ఆ లెక్క జారిపోతోంది. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి మర్చిపోతారు. అడిగిందే అడుగుతారు. డాక్టరుగారు మందులు రాసిచ్చి, ఆవిణ్ణి ఊరికే కూర్చోబెట్టొద్దు, ఏదో ఒక పనిలో పెట్టండి అన్నారు. అందుకే సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు పటం గీశాం. ఆవిడ ఆట ఏమిటో మాకందరికీ తెలుసు మరి.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాకూ ఆవిడకీ మాటలు తక్కువ. వేసవి మధ్యాహ్నాలు పని అయ్యాక, వసారాలో నాపరాళ్ళమీద సుద్దముక్కతో ఏడు గళ్ళ పటం గీసి "రా అమ్మాయ్" అనేవారు. ఆవిడవి పత్తి గింజలు, నావి ఎండుమిరప తొడిమలు. కొత్తకోడలని ఒక్కరోజు కూడా కనికరించలేదు. నా కాయ పండటానికి రెండు గళ్ళ దూరంలో ఉంటే కూడా కొట్టి, ఎత్తి నా చేతిలో పెట్టేవారు. మొదటి వేసవి అంతా ఓడిపోయాను. ఆరోజు సాయంత్రం కళ్ళనీళ్ళొచ్చినా మర్నాడు మళ్ళీ కూర్చునేదాన్ని. రెండో వేసవిలో ఒక్క ఆట గెలిచాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చారు. మా ఇద్దరి మధ్య ఏదన్నా ప్రేమ ఉందంటే అది అక్కణ్ణుంచి మొదలైందనుకుంటాను.

అందుకని ఆవిడ లేచి వెళ్ళడం నాకు గుచ్చుకుంది. కానీ మా బావగారు అన్న మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. "ముసలావిడ నాలుగాటలు గెలిస్తే మన సొమ్మేం పోయింది? పిల్లాడు మంచిపనే చేశాడు," అన్నారాయన. చాలా ఇళ్ళలో ఇదే మాట అంటారు. పెద్దవాళ్ళతోనూ, చంటిపిల్లలతోనూ ఓడిపోవడమే ప్రేమ అని.

జవాబు మా పెద్దది ఇచ్చింది. ఇంజినీరింగు చదువుతోంది. హాస్టల్లో ఎవరో స్నేహితురాలు నేర్పితే ఫోన్లో 'గో' అనే ఆట ఆడుతోంది. చైనాలో పుట్టి, రెండువేల ఏళ్ళు దాటిన ఆట. జపానులోనూ కొరియాలోనూ మన చదరంగంలా ఆడతారట. "అమ్మా, ఆ ఆటలో ఎవరూ ఎవరినీ గెలిపించరు. చేతకాని వాళ్ళయితే బోర్డు చిన్నది తీసుకుంటారు, లేకపోతే నాలుగు రాళ్ళు ముందే పెట్టించుకుంటారు. తర్వాత ఇద్దరూ నిజంగానే ఆడతారు," అంది.

నాకు ఆ ఆట అర్థం కావడానికి పులి-మేకే దారి చూపించింది. పులి-మేకలో మేకల్ని గళ్ళల్లో పెట్టం, గీతలు కలిసిన చోట పెడతాం కదా? గో కూడా అంతే. మన ఆటలో మూడు పులుల్ని పదిహేను మేకలు కదలకుండా కట్టేస్తే మేకలవాళ్ళు గెలిచినట్టు. గోలో ఒకరివి నల్లరాళ్ళు, ఒకరివి తెల్లరాళ్ళు. పెట్టిన రాయి కదలదు. ఎదుటివాళ్ళ రాయికి చుట్టూ ఊపిరాడకుండా నాలుగు దిక్కులా మూసేస్తే అది ఎత్తేస్తారు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకున్నారో వాళ్ళది గెలుపు. పులుల్లేవు, దూకడాల్లేవు. అన్నీ మేకలే అనుకోండి.

నియమాలు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. కష్టమంతా బోర్డులో ఉంది. పెద్దవాళ్ళు ఆడేది 19 గీతల బోర్డు, అంటే రాయి పెట్టగలిగిన చోట్లు 361. నేర్చుకునేవాళ్ళు చాలామంది 9 గీతల బోర్డుతో మొదలుపెట్టి, అక్కడ 81 చోట్లే కనుక, తర్వాత 13 గీతలకీ, ఆపైన పెద్దదానికీ వెళ్తారు. రాళ్ళు అవే, నియమాలు అవే. అయినా అది వేరే ఆటలా ఉంటుందట. చిన్నబోర్డుమీద మొదటి నాలుగు రాళ్ళు పెట్టేసరికే తగువు మొదలవుతుంది, ఎటు జరిగినా ఎదుటివాడి మోచెయ్యి తగులుతుంది. పెద్దబోర్డుమీద నాలుగు మూలల్లో నాలుగు తగువులు వేరువేరుగా నడుస్తాయి. ఒక మూల పోయినా ఇంకో మూల సంపాదించుకోవచ్చు. కానీ ఇప్పుడు ఏ మూల చూడాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నది అక్కడే తేల్చుకోవాలి. ఏడుగురు పిల్లల ఇంట్లో ఎవరు ముందు ఏడుస్తున్నారో చూసుకున్నట్టు.

ఇంకా చిన్నది చేస్తే? 5 గీతల బోర్డుని కంప్యూటరు 2002లోనే మొత్తం తేల్చిపారేసింది. ముందు ఆడేవాళ్ళు నడిమధ్యలో రాయి పెట్టి తప్పుల్లేకుండా ఆడితే 25 చోట్లూ వాళ్ళవే. ఎదుటివాళ్ళకి ఏమీ మిగలదు. మరీ చిన్న పటంమీద ఆట ఉండదన్నమాట, ముందు చెయ్యి వేసినవాళ్ళ పెత్తనమే ఉంటుంది. చదరంగంలో 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన కంప్యూటర్లకి గో మాత్రం చాలాకాలం లొంగలేదు. 2009లో 9 గీతల బోర్డుమీద ఒక పెద్ద ఆటగాణ్ణి సమానంగా ఆడి ఓడించాయి. అదే ఆట 19 గీతలమీద గెలవడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము లీ సెడోల్ అనే మహా ఆటగాణ్ణి నాలుగు ఆటలకి ఒకటితో ఓడించింది. యంత్రానికే ఇంత తేడా ఉంటే 78 ఏళ్ళ మనిషి సంగతి మనం ఆలోచించొద్దూ?

ఇదంతా విని నేను మా అష్టాచెమ్మా పటం వైపు మొదటిసారి వేరే కళ్ళతో చూశాను.

మనకీ రెండు పటాలున్నాయి కదా. ఐదు గళ్ళది, ఏడు గళ్ళది. మొదటిది 25 గళ్ళు, రెండోది 49. చిన్నపిల్లలకి ఐదు, పెద్దవాళ్ళకి ఏడు అని అలవాటుగా గీసేస్తాం గానీ తేడా ఎక్కడుందో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఆరోజు సుద్దముక్క పుచ్చుకుని లెక్కపెట్టాను. ఐదు గళ్ళ పటంలో బయటి వరసలో 16 గళ్ళు, నాలుగు ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం నాలుగు. అంటే చెమ్మ పడితే చాలు, ఒక ఇంట్లోంచి లేచి ఇంకో ఇంట్లో భద్రంగా వాలొచ్చు. ఏడు గళ్ళ పటంలో బయటి వరస 24 గళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఆరు. నాలుగు గవ్వలతో పడేవి ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట. ఆరు పడదు! చెమ్మ పడి, దానికొచ్చిన రెండో పందెంలో రెండు పడాలి. లేకపోతే కాయ ఎక్కడో ఒకచోట బయట నిలబడాల్సిందే, కొట్టేవాళ్ళ కళ్ళముందు. (కొన్ని ఊళ్ళలో ఏడు గళ్ళకి ఆరు గవ్వలు వేస్తారు, అప్పుడు లెక్క మారిపోతుంది. మాది నాలుగు గవ్వల ఇల్లు.)

అత్తయ్య గొప్పతనం అక్కడే ఉండేదని అప్పుడు తెలిసింది. "ముందు ఏముందో తర్వాత చూద్దువుగాని, వెనక ఎవరున్నారో చూసుకో" అనేవారు నాతో. వెనకున్న కాయకి ఐదు, ఆరు, ఏడు గళ్ళ దూరంలో నిలబడితే ఒక్క పందెంతో ఎవరూ కొట్టలేరు. ఆవిడ కాయలు ఎప్పుడూ అలాంటి చోట్లే ఆగేవి. నేను అదృష్టం అనుకునేదాన్ని. నాలుగు కాయలకీ వెనకున్న నా కాయలన్నిటి దూరమూ మనసులో పెట్టుకుంటే తప్ప అది కుదరదు. పెద్ద పటం అడిగేది ఆ మోతే. ఇప్పుడు ఆవిడ చేతినుంచి జారిపోయింది సరిగ్గా అదే. ఆట మర్చిపోలేదావిడ. కొట్టాల్సిన కాయ కనిపిస్తే చెయ్యి ఇంకా ముందే లేస్తుంది. ఒకేసారి మోయాల్సినవి ఎక్కువైపోయాయి, అంతే.

మరి చిన్న పటం సులువా? నేనూ అలాగే అనుకున్నాను. కాదు. మోయాల్సింది తక్కువ, నిజమే. కానీ దాక్కోడానికి చోటూ తక్కువే. ఒక్క తప్పుకి కాయ పోతే తేరుకునేలోపు ఆట అయిపోతుంది. పెద్ద పటం మీద గంటన్నర ఆడితే గవ్వల దయ కాస్త అటూ ఇటూ సర్దుకుని, తెలిసినవాళ్ళే నెగ్గుతారు. చిన్నదాంట్లో రెండు అష్టలు పడితే మా చిన్నాడైనా నెగ్గుతాడు. ఇల్లు చక్కబెట్టుకునే ఆడవాళ్ళని చూసి "నీకేంటి, ఇంట్లోనే కదా" అనేవాళ్ళకి ఈ ముక్క ఎవరన్నా చెప్తే బాగుండు. సరే, అది ఇంకోసారి రాస్తాను.

నాకు గోలో మరీ నచ్చింది రాళ్ళు ముందే పెట్టుకునే పద్ధతి. చేతకానివాళ్ళు నల్లరాళ్ళు తీసుకుని, ఆట మొదలవకముందే రెండు నుంచి తొమ్మిది దాకా బోర్డుమీద పెట్టేసుకుంటారు. ఇద్దరికీ మధ్య ఎంత తేడా ఉందో అన్ని రాళ్ళు. అందరి ముందూ, బాహాటంగా. దాంట్లో చిన్నతనం లేదు. తర్వాత పెద్దవాడు ఒక్క రాయి కూడా కావాలని తప్పుగా పెట్టడు. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. మొదట సమానంగా కూర్చుంటాం, ఆట మధ్యలో దొంగతనంగా ఓడిపోతాం. ఎదుటి మనిషికి తెలియదనుకుంటాం.

తెలుస్తుంది. పదేళ్ళ పిల్లకీ తెలుస్తుంది, మతిమరుపొచ్చిన మనిషికీ తెలుస్తుంది. పాలు పొంగిన సంగతి మర్చిపోయే మా అత్తయ్య, మనవడు కొట్టగలిగి కొట్టలేదన్న సంగతి మూడు వారాలు మర్చిపోలేదు.

మా బావగారి మాటకి నా జవాబు ఇది. సొమ్మేం పోదు. కానీ ఆవిడ ఎదురుగా కూర్చున్న మనిషి పోతాడు. దయతలిచి ఓడిపోయేవాడు ఆటలో లేడు, ఆవిణ్ణి చూసుకునే డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఇప్పటికే అందరం ఆ డ్యూటీలోనే ఉన్నాం. మందులిచ్చేది ఒకరం, స్నానానికి నీళ్ళు తోడేది ఒకరం. ఆవిడతో పోటీపడే మనిషి ఒక్కడన్నా మిగలొద్దా?

ఇంకో మాట కూడా అంటారు, అదీ విన్నాను. పెద్దావిడకి పిల్లల పటం గీసివ్వడం అవమానం కాదా అని. మావారు అన్నారీ మాట. దీనికి నేను కాస్త జంకాను. నిజంగానే, ఊరికే తెచ్చి ముందు పెడితే అవమానమే. గుంటూరు గడ్డమీద పుట్టిన హరికృష్ణ, హారిక చదరంగంలో గ్రాండ్‌మాస్టర్లయ్యారు, వాళ్ళకోసం 64 గళ్ళని ఎవరూ తగ్గించలేదు అన్నారాయన. హారిక అయితే 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు చూలాలిగా కూర్చుని ఆడింది, మన ఆడపిల్లల జట్టు కంచు పతకం తెచ్చింది. నేనూ ఒప్పుకున్నాను. కానీ అది పోటీ. వసారాలో ఆటకి పెట్టే నియమాలు మన చేతిలో ఉన్నాయి కదా.

అందుకని అవమానం లేకుండా ఎలా పెట్టాలో ఆలోచించాం. అత్తయ్యకి విడిగా చిన్న పటం కాదు, ఇంటిల్లిపాదికీ చిన్న పటమే. ఐదు గళ్ళు, మనిషికి నాలుగు కాయలకి బదులు రెండే. మా పెద్దది గీసి, "నాయనమ్మా, ఇది త్వరగా అయిపోతుంది, నాకు రేపు బస్సుంది," అని కూర్చోబెట్టింది. చిన్నాడికి ముందే చెప్పాను, కొట్టే చోట కొట్టకపోతే వాడి సైకిలు గదిలో పెట్టి తాళం వేస్తానని. మొదటి ఆటలో వాడు నాయనమ్మ కాయ రెండుసార్లు కొట్టాడు. నా గుండె దడదడలాడింది. ఆవిడ కాయ ఎత్తి మళ్ళీ ఇంట్లో పెట్టుకుని, వాడి మొహం ఒకసారి చూసి, గవ్వలు గలగలా ఆడించి వేశారు. ఆ ఆట ఓడిపోయారు. తర్వాతది నెగ్గారు. నెగ్గినప్పుడు చిన్నాడు నిజంగా ఏడుపు మొహం పెట్టాడు. ఆవిడ మొహంలో వెలుగుకి అదే కారణమని నేను ఒట్టేసి చెప్పగలను.

ఇది ఆటతో ఆగలేదు, అందుకే రాస్తున్నాను. కిందటేడు పండుమిరపకాయ పచ్చడిలో అత్తయ్య ఉప్పు రెండుసార్లు వేశారు. ఐదు కిలోల పచ్చడి పారబోశాం. ఆరోజే నేను "ఇంక మీరు కూర్చోండత్తయ్యా, నేను చూసుకుంటాను" అన్నాను. మర్యాదగానే అన్నాను. కానీ నలభై యాభై ఏళ్ళు ఆ జాడీలు పెట్టిన మనిషి చేతిలోంచి మొత్తం లాగేసుకున్నాను. పటం చిన్నది చేసే ఆలోచనే రాలేదు నాకు. మొత్తంగా ఆటలోంచే లేపేశాను. మా చిన్నాడు చేసినదానికంటే నేను చేసింది ఏమంత మంచిదనీ?

ఈ ఏడు కాయ ఎర్రబడగానే ఒక్క కిలో తూచి, తొడిమలు తీయకుండా అలాగే ఆవిడ ముందు పెట్టాను. కడగడం, గుడ్డమీద ఆరబెట్టడం, తొడిమలు తీయడం, చింతపండు గింజలు ఏరడం అన్నీ ఆవిడవే. ఉప్పు మాత్రం కొలిచి ఒక గిన్నెలో పోసి పక్కన పెట్టాను. గిన్నె ఖాళీ అయితే వేసినట్టు, నిండుగా ఉంటే వెయ్యనట్టు. ముందే పెట్టుకున్న రాయి లాంటిదే అది. నన్ను పక్కన నిలబడనివ్వలేదు. ఘాటుకి తుమ్ముకుంటూ, మధ్యలో నన్ను "మెంతులు మాడ్చావు, మళ్ళీ వేయించు" అని కసురుతూ చేశారు. పచ్చడి బాగుంది. మిగతా నాలుగు కిలోలూ నేను పెట్టాను, అది ఆవిడ పెట్టినంత బాగా రాలేదు. ఆ మాట ఆవిడే అన్నారు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ.

అన్నిరోజులూ ఇలా గడుస్తాయని చెప్పను. కొన్నిరోజులు ఐదు గళ్ళు కూడా ఎక్కువే. గవ్వలు చేత్తో పట్టుకుని ఎవరి వంతో తెలియక అలా చూస్తూ ఉండిపోతారు. అలాంటప్పుడు గవ్వలు తీసుకుని డబ్బాలో వేసి పక్కన కూర్చుంటాం. ఆరోజు ఆట లేనట్టే.

శివరాత్రికి జాగారమని వసారాలో అందరం చేరాం. రాత్రి పదకొండు దాటింది. ఐదు గళ్ళ పటం మీద మూడాటలయ్యాయి. అత్తయ్య ఉన్నట్టుండి "ఇదేం ఆట, కూర్చోకముందే అయిపోతోంది, ఏడు గళ్ళు గియ్యండి" అన్నారు. నేనూ మావారూ మొహాలు చూసుకున్నాం. మా పెద్దది సుద్దముక్క తీసుకుని ఏడు గళ్ళు గీసి, లోపలి వరసల్లో కాయ ఏ పక్కకి తిరగాలో ప్రతి మూలా ఒక బాణం గుర్తు వేసింది. "ఇవెందుకే?" అన్నాడు చిన్నాడు. "నాకు గుర్తుండట్లేదు, నాకోసం," అంది అది.

రెండో వరసలో అత్తయ్య ఒకచోట ఆగిపోయారు. వేలు బాణం దాకా వెళ్ళింది, దాన్ని పట్టుకుని మెల్లగా తిరిగింది. అర్ధరాత్రి దాటాక చిన్నాడు ఆవిడ ఆఖరి కాయని, పండటానికి మూడు గళ్ళ దూరంలో, కొట్టాడు. కొట్టి భయంగా నా వైపు చూశాడు. ఆట వాడే నెగ్గాడు.

ఆవిడ గవ్వలు కొంగున కట్టలేదు. వాడి ముందుకి తోసి, "దొంగ వెధవా, మళ్ళీ పెట్టు కాయలు," అన్నారు.